ఖాళీ బోర్డు ముందు: ఆన్‌లైన్ వ్యాపారాల అన్‌కాన్ఫరెన్స్‌కి వెళ్లేవాళ్లకి

మీ దగ్గర్లో ఆన్‌లైన్ వ్యాపారాలు చేసేవాళ్లంతా ఒకరోజు కలుస్తున్నారని తెలుస్తుంది. దానికి అన్‌కాన్ఫరెన్స్ అనో బార్‌క్యాంప్ అనో పేరు పెట్టి ఉంటారు. వివరాలు చూస్తే వక్తల జాబితా ఉండదు, ఏ గంటకి ఏం జరుగుతుందో ఉండదు, ఉన్నదల్లా తేదీ, చోటు, పేరు నమోదు చేసుకునే ఫారం, అంతే. "ఇదేంటి, ఇంకా ఏమీ ఖరారు కాలేదా?" అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఖరారు చేయకపోవడమే ఇక్కడి పద్ధతి. ఆ రోజు పొద్దున వచ్చినవాళ్లే ఒక ఖాళీ బోర్డు మీద కార్డులు అంటించి, ఏ గదిలో ఏం మాట్లాడుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకుంటారు.

నేను పిల్లల బట్టలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మొదటిసారి ఇలాంటి దానికి వెళ్లినప్పుడు రోజంతా వెనక వరసలో కూర్చున్నాను. ఎక్కువమంది ఏ గదిలోకి వెళ్తే నేనూ అందులోకే వెళ్లి, సాయంత్రానికి నోట్‌బుక్ నిండా చిట్కాలతో, సంచిలో గుప్పెడు విజిటింగ్ కార్డులతో ఇంటికొచ్చాను. ఆ చిట్కాల్లో ఒక్కటి కూడా నా షాపులో అమలు కాలేదు, ఎందుకంటే అవన్నీ నెట్‌లో ఎక్కడైనా దొరికేవే. రెండోసారి ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లాను, ఏడాదిగా తెగని ముడి నలభై నిమిషాల్లో విడిపోయింది. ఆ రెండు రోజులకీ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆన్‌లైన్ వ్యాపారం గురించి నెట్‌లో లేని సలహా లేదు. కానీ ప్రకటనలకి డబ్బు పోసి ఒక్క ఆర్డరూ రాని నెల గురించి, అమ్మిన సరుకు చాలావరకు వెనక్కి వచ్చేసిన రిటర్నుల గురించి, అమ్మకాలు పెరుగుతున్నా చేతికేమీ మిగలని కాలం గురించి ఎవరూ తమ పేరుతో బహిరంగంగా రాసుకోరు. ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం చెబుతారు, అదీ ముందు మీరు మీ సంగతి విప్పితేనే. అందుకే ఇలాంటి చోట వినేవాడి కంటే అడిగేవాడికే ఎక్కువ దొరుకుతుంది.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో రెండు ముక్కలు తెలిస్తే అక్కడ జరిగేవి వింతగా అనిపించవు. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ 1983లో ఒక అంతర్జాతీయ సమావేశం కోసం ఏడాదిపాటు కష్టపడ్డాడు. అంతా అయ్యాక చూస్తే వచ్చినవాళ్లకీ ఆయనకీ కూడా బాగా పనికొచ్చినవి మధ్యలో దొరికిన విరామాలేనట. అలాంటప్పుడు సమావేశం మొత్తాన్నీ విరామంలాగే నడిపితే పోలా అని 1985లో మొదలుపెట్టిన పద్ధతి ఓపెన్ స్పేస్. తర్వాత ఇరవై ఏళ్లకి, 2005 ఆగస్టులో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదటి బార్‌క్యాంప్ జరిగింది. అప్పటికే ఫూ క్యాంప్ అనే సమావేశం ఒకటి ఉండేది, పిలిచినవాళ్లే దానికి వెళ్లాలి. దానికి జవాబుగా, ఎవరైనా రావచ్చంటూ, కొందరు వారం కూడా తిరక్కుండానే దీన్ని ఏర్పాటు చేసేశారు. ఇప్పుడు మీరు వెళ్లబోయేది ఏ పేరుతో ఉన్నా దాదాపుగా ఈ రెండింటి సంతానమే.

అసలైనదేనా కాదా

ఇది చూసుకోవడం తేలికే. రెండు వారాల ముందే వక్తల ఫోటోలు, వాళ్ల కంపెనీల పేర్లు, ప్రతి గంటకీ ఒక అంశం వచ్చేశాయంటే అది మామూలు కాన్ఫరెన్సే, పేరు మాత్రమే కొత్తది. వెళ్లకూడదని కాదు, కానీ కార్డు పట్టుకుని వెళ్తే అంటించడానికి బోర్డు ఉండదు. నిర్వాహకులకి ఒక మెసేజ్ పెట్టి రెండే అడగండి: పొద్దున ఎన్ని స్లాట్లు, అంటే ఒక్కో మాటామంతీకి ఇచ్చే గదీ సమయమూ, ఖాళీగా ఉంటాయి, స్పాన్సర్లు మాట్లాడటానికి ఎంత సమయం తీసుకుంటారు అని. సగం కంటే ఎక్కువ స్లాట్లు ఖాళీగా ఉంచి, స్పాన్సర్లని ఒక బల్లకో రెండు నిమిషాల పరిచయానికో పరిమితం చేస్తే ధైర్యంగా వెళ్లొచ్చు.

ఇంకో మాట. సాధారణంగా ఇవి ఉచితమో, నామమాత్రపు రుసుమో. సీట్లు మాత్రం తక్కువ. పేరు ఇచ్చి, వెళ్లలేని పరిస్థితి వస్తే ముందురోజైనా రద్దు చేయండి. జీతం లేకుండా ఇదంతా చేసేవాళ్లకి ఖాళీ కుర్చీలు చూస్తే ఎంత బాధేస్తుందో ఒకసారి నిర్వాహకుల్లో పనిచేశాక తెలిసింది.

ముందురోజు రాత్రి: ఒక కాగితం

ల్యాప్‌టాప్, చార్జర్ లాంటివి ఎవరికి వాళ్లు చూసుకుంటారు, వాటి గురించి చెప్పను. అందరూ మర్చిపోయేది అంకెలు. గడిచిన మూడు నెలలవి తీసి ఒక తెల్లకాగితం మీద పెన్నుతో రాసుకోండి: షాపుకి ఎంతమంది వచ్చారు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, వాటిలో ఎన్ని వెనక్కి వచ్చాయి, ఒక కొత్త కస్టమర్‌ని తెచ్చుకోవడానికి ప్రకటనల మీద సగటున ఎంత పెట్టారు, రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది, ఒక్కో ఆర్డర్ మీద అన్నీ పోగా చేతికి ఎంత మిగిలింది.

ఆ చివరి అంకె దగ్గరే అందరూ తడబడతారు. సరుకు ఖరీదు తీసేసి మిగిలిందే లాభం అనుకుంటాం, కానీ అందులోంచి ప్యాకింగ్ పోవాలి, కొరియర్ పోవాలి, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే కోసుకునేది పోవాలి, చాలామంది అమ్మకందారులుండే మార్కెట్‌ప్లేస్ సైటులో అమ్మితే కమీషన్ పోవాలి, ప్రకటన ఖర్చు పోవాలి. వెనక్కి వచ్చిన ప్రతి పార్సిల్‌కీ రానూ పోనూ అయిన ఖర్చుని వెనక్కి రాకుండా నిలిచిన ఆర్డర్ల మీద పంచాలి, పన్ను సంగతి సరేసరి. ఇదంతా ఒక్క ఆర్డర్‌కి లెక్కేయడానికి గంట పడుతుంది. కొంతమందికి కాన్ఫరెన్స్‌లో దొరికిన దానికంటే ఈ గంటలో దొరికిందే ఎక్కువ, నాకు తెలిసిన ఒకాయన ఈ లెక్క వేసుకున్న రాత్రే తన షాపులోంచి రెండు రకాల సరుకు తీసేశాడు.

షాపుకి వచ్చిన వందమందికి ఎన్ని ఆర్డర్లు అనే లెక్క కూడా రాసుకోండి. ఉదాహరణకి వెయ్యి మంది వచ్చి 15 ఆర్డర్లు పడితే 1.5 శాతం. ఈ అంకె మంచిదా చెడ్డదా అని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు, ఏం అమ్ముతున్నారో, ఎంతకి అమ్ముతున్నారో, జనం ఎక్కడి నుంచి వస్తున్నారో దాన్ని బట్టి అది మారిపోతుంది. కానీ అంకె లేకుండా "అమ్మకాలు డల్‌గా ఉన్నాయి" అంటే ఎదుటివాళ్లు సానుభూతి తప్ప ఇంకేం ఇవ్వలేరు. "జనం వస్తున్నారు, బుట్టలో వేసుకుంటున్నారు, డబ్బు కట్టే పేజీ దగ్గర సగానికి పైగా వెళ్లిపోతున్నారు" అంటే నలుగురు ఒకేసారి కుర్చీ ముందుకి జరుపుకుంటారు.

తీసుకెళ్లకూడనివి కూడా ఉన్నాయి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు కనిపించే స్క్రీన్ ఎవరి ముందూ తెరవొద్దు. అవి వాళ్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి. చూపించాల్సిన పేజీలని ముందే స్క్రీన్‌షాట్ తీసి, ఆ వివరాలు చెరిపేసి ఫోన్‌లో పెట్టుకోండి. సరుకు ఎక్కడ కొంటున్నారో, ఎంతకి కొంటున్నారో చెప్పాలా వద్దా అన్నది కూడా ఇంట్లోనే తేల్చుకోండి, మాటల వేడిలో నోరు జారితే వెనక్కి తీసుకోలేం.

ప్రశ్నని చెక్కడం

నేను ఎక్కువసేపు చెప్పదలుచుకున్నది దీని గురించే. కార్డు మీద రాసే ఆ ఒక్క వాక్యం మీదే మీ రోజు ఆధారపడి ఉంటుంది.

"సోషల్ మీడియా మార్కెటింగ్" అని రాసిన కార్డు చూడండి. ఎవరు రావాలి దానికి? తెలిసినవాళ్లు పాఠం చెప్పాలని వస్తారు, తెలియనివాళ్లు పాఠం వినాలని వస్తారు, అది కాస్తా క్లాసురూమ్ అయిపోతుంది. అదే "ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు వస్తున్నాయి, ఆర్డర్లు రావట్లేదు, ఇలా ఇంకెవరికైనా అయిందా?" అని రాస్తే, అయినవాళ్లు వస్తారు. అలా అయ్యి అందులోంచి బయటపడ్డవాళ్లు కూడా వస్తారు, మీకు కావలసింది వాళ్లే.

నా ప్రశ్న మొదట "రిటర్నులు తగ్గించడం ఎలా?" అని ఉండేది. ముందురోజు రాత్రి అద్దం ముందు నిలబడి పైకి చదువుకుంటే నాకే ఆవలింత వచ్చేలా అనిపించింది. మార్చి మార్చి చివరికి ఇలా తేలింది: "పిల్లల బట్టల్లో ఎక్కువ రిటర్నులు 'చిన్నదైంది' అనే వస్తున్నాయి, సైజు పట్టిక పెట్టినా సరే. పట్టిక తప్పా, జనం చూడట్లేదా?" ఇందులో ఏం అమ్ముతున్నానో ఉంది, ఎక్కడ నొప్పి ఉందో ఉంది, ఇప్పటికే ఏం ప్రయత్నించానో ఉంది. ఆ మూడూ ఉంటే చాలు. మీ ప్రశ్న కూడా ఒకసారి పైకి చదివి చూడండి, ఆన్‌లైన్ వ్యాపారం గురించి ఏమీ తెలియని ఇంట్లోవాళ్లకి సమస్య అర్థమైతే అది సరైన ప్రశ్నే.

పొద్దున బోర్డు దగ్గర

చెప్పిన టైమ్‌కి పావుగంట ముందే వెళ్లండి. మొదట పరిచయాలు ఉంటాయి. బార్‌క్యాంపుల్లో పాత అలవాటు ఒకటి ఉంది, పేరు చెప్పి తమ గురించి మూడే మూడు మాటలు చెప్పి కూర్చోవడం. ఆ మూడు మాటలు ముందే అనుకోండి. "వ్యాపారవేత్త, ఉత్సాహవంతుడు, నేర్చుకునేవాణ్ణి" అని చెప్పినవాళ్లు ఎవరికీ గుర్తుండరు. నేను "పిల్లల బట్టలు, రిటర్నులు, సైజులు" అని చెప్పి కూర్చున్నాను. కూర్చోగానే పక్కనున్నావిడ నా వైపు వంగి "చెప్పులు, రిటర్నులు, సైజులు" అంది. ఆవిడతో పరిచయం ఇప్పటికీ ఉంది.

తర్వాత బోర్డు. గోడ మీద పెద్ద పట్టిక గీసి ఉంటుంది, అడ్డంగా గదులు, నిలువుగా సమయాలు, అన్నీ ఖాళీ గళ్లు. ముందు బల్ల మీద స్టికీ నోట్లు, మార్కర్లు. నిర్వాహకులు "రండి, రాయండి" అంటారు, ఒక నిమిషం పాటు ఎవరూ కదలరు. ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది, గుండె కొట్టుకోవడం వినిపిస్తుంది, అలా అనిపించడం మామూలే. లేవండి. మొదటి కార్డు ఎవరిదైనా సరే, అది పడ్డాక పది మంది లేస్తారు.

రాసేటప్పుడు లావు మార్కర్‌తో, ఆరడుగుల దూరం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాలతో రాయండి, అడుగున మీ పేరు పెట్టండి. చాలాచోట్ల అంటించే ముందు ఒక ముప్పై సెకన్లు మైకులో చెప్పమంటారు. కార్డు మీదున్నదే చదివి "నా దగ్గర జవాబు లేదు, మీలో ఎవరి దగ్గరైనా సగం ఉన్నా రండి" అంటే చాలు. జవాబు లేదని చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు, ఇక్కడ అదే అర్హత. బార్‌క్యాంప్ నియమాల్లో ఒకటి మొదటిసారి వచ్చినవాళ్లు కూడా ఏదో ఒకటి నడపాలంటుంది, ఆ వెంటనే తప్పనిసరేం కాదు గానీ కనీసం ఎవరితోనైనా జత కట్టండి, ప్రశ్నలైనా అడగండి అని సర్దిచెబుతుంది. ఒంటరిగా నడపడం టెన్షన్ అనిపిస్తే, అలాంటి కార్డే పెట్టిన ఇంకొకరి దగ్గరకి వెళ్లి "రెండూ కలిపేద్దామా?" అని అడగండి. చెప్పులావిడా నేనూ చేసింది అదే.

స్లాట్ దొరికితే మధ్యాహ్న విరామానికి ముందుది తీసుకోండి. పొద్దున మొదటి స్లాట్‌లో జనం ఇంకా కుదురుకోరు, చివరి స్లాట్‌లో బస్సు టైమ్ చూసుకుంటూ ఉంటారు. విరామానికి ముందైతే మాట మధ్యలో ఆగినా బయట నిలబడి కొనసాగించవచ్చు.

మీ సెషన్ నడపడం

గదిలోకి వెళ్లగానే వరసల్లో ఉన్న కుర్చీలని గుండ్రంగా వేయించండి, మీరు కూడా వాటిలోనే ఒకదాంట్లో కూర్చోండి. నిలబడితే పాఠం చెప్పే మనిషి అయిపోతారు. స్లైడ్లు వద్దు. మొదటి మూడు నిమిషాలు మీ సమస్య, మీ కాగితం మీది అంకెలు చెప్పి ఆగిపోండి. నోట్స్ రాసుకునే బాధ్యత ఎవరికైనా అప్పగించండి, ఎందుకంటే అడిగే మనిషి రాసుకుంటూ కూర్చుంటే సంభాషణ చచ్చిపోతుంది. ఇంకొకరికి గడియారం అప్పగించండి.

ప్రతి గదిలోనూ ఒకరు ఉంటారు, అన్నీ తెలిసినవాళ్లు, ఎత్తుకుంటే ఆపరు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా "ఆగండి, ఇది రాసుకోనివ్వండి" అని నోట్స్ రాసే మనిషి వైపు తిరిగి, ఆ సందులో మూల కూర్చున్న మనిషిని పేరు పెట్టి "మీరు ఏం అమ్ముతారు, మీకు ఇలా అయిందా?" అని అడగండి. మాట్లాడనివాళ్ల దగ్గరే ఎక్కువ అనుభవం ఉండటం నేను చాలాసార్లు చూశాను. గదిలో పదిహేను మందికి పైగా ఉంటే ఫిష్‌బౌల్ పద్ధతి వాడొచ్చు: మధ్యలో ఐదు కుర్చీలు, నలుగురు కూర్చుంటారు, ఒకటి ఖాళీ. మాట్లాడాలనుకున్నవాళ్లు వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంటారు, అప్పుడు లోపలున్న నలుగురిలో ఒకరు లేవాలి. చెప్పడానికి ఆటలా ఉంటుంది గానీ మైకు గుంజుకునేవాళ్ల బెడద పూర్తిగా పోతుంది.

మాటలతో తేలనిది చేత్తో తేలుతుంది. ఆ రోజు మా గదిలో సైజు పట్టిక మీద పావుగంట వాదన జరిగాక, అప్పటిదాకా నోరు మెదపని ఒక కుర్రాడు "మీ షాపు నా ఫోన్‌లో తెరుస్తాను, మా అక్క కూతురికి ఒక గౌను కొంటాను, మీరేం మాట్లాడకండి" అన్నాడు. అందరం అతని వెనక నిలబడ్డాం. గౌను దొరికింది, ఫోటోలు చూశాడు, సైజు దగ్గర ఆగాడు. పట్టిక తెరిచాడు. అందులో నేను వయసుల ప్రకారం రాశాను, 2-3 ఏళ్లు, 3-4 ఏళ్లు అని. అతను బొటనవేలు స్క్రీన్ మీద అలాగే పెట్టి "పాపకి మూడేళ్లు నిండాయి, ఇప్పుడు ఏది నొక్కాలి?" అన్నాడు. నేను నోరు తెరవబోయాను, చెప్పులావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అతను ఒకసారి ఇది, ఒకసారి అది నొక్కి, చివరికి చిన్నదే ఎంచుకున్నాడు, "పాప సన్నగా ఉంటుందిలే" అని. ఏడాదిపాటు నేను రిటర్న్ ఫారాల్లో వెతికిన జవాబు ఆ బొటనవేలి కింద ఉంది. మూడేళ్లు నిండిన పాప రెండు గళ్లలోనూ ఉంది, ఏ తల్లీ తండ్రీ ఏది నొక్కాలో నేనెక్కడా చెప్పలేదు.

ఈ పరీక్షకి ఖర్చు లేదు. మీ సెషన్‌లో పది నిమిషాలు దీనికోసం పక్కన పెట్టండి. మీ షాపు ఎప్పుడూ చూడని మనిషికి, వాళ్ల ఫోన్‌లోనే, ఒక వస్తువు కొనమని చెప్పి డబ్బు కట్టే ముందు ఆపండి. వాళ్లు ఏం చేస్తున్నారో పైకి చెబుతూ చేయమనండి. మీరు మాత్రం ఒక్క మాట సాయం చేయకూడదు, ఎంత ఆత్రం వచ్చినా సరే. వాళ్ల వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వెళ్లింది, డెలివరీ చార్జీ చివర్లో కనిపించినప్పుడు ముఖం ఎలా మారింది, అవే రాసుకోండి.

ముగించే ముందు ఐదు నిమిషాలు ఉంచుకుని, ఒక్కొక్కరినీ "నా స్థానంలో ఉంటే సోమవారం పొద్దున మొదట ఏం మారుస్తారు?" అని అడగండి. ఒక్కొక్కరికి ఒకే వాక్యం.

ఇతరుల సెషన్లలో

ఓపెన్ స్పేస్‌లో రెండు పాదాల సూత్రం అని ఒకటి ఉంది. మీరు నేర్చుకోవడమూ లేదు, ఇవ్వడమూ లేదు అనిపిస్తే మీ రెండు పాదాలు వాడి పనికొచ్చే ఇంకో చోటికి వెళ్లండి అంటుంది. మనకి మధ్యలో లేచి వెళ్లడం అంటే ఎదుటివాళ్లని అవమానించినట్టు ఉంటుంది, అందుకే ఈ సూత్రం తెలిసినవాళ్లు కూడా కుర్చీకి అతుక్కుపోతారు. ఇక్కడ అది మర్యాదే. చప్పుడు చేయకుండా లేవండి, సంజాయిషీ చెప్పొద్దు, తలుపు నెమ్మదిగా వేయండి. మీ సెషన్‌లోంచి ఎవరైనా లేచి వెళ్తే మీరూ నొచ్చుకోవద్దు.

నేను వెంటనే లేచిపోయే సందర్భం ఒకటే, అమ్మకం. "ఆరు నెలల్లో ఉద్యోగం మానేసేంత ఆదాయం" అని మొదలై, పది నిమిషాలకి కోర్సు పేరు, పదిహేను నిమిషాలకి ఈ రోజుకి మాత్రమే డిస్కౌంట్ అని వచ్చిందంటే అక్కడ మీకు పని లేదు. తన పని గురించి చెప్పుకోవడం తప్పేం కాదు, ఏజెన్సీలు నడిపేవాళ్లలో చాలా మంచి విషయాలు చెప్పినవాళ్లని చూశాను. తేడా ఎక్కడుందంటే, వాళ్లు ఏది పనిచేయలేదో కూడా చెబుతారు.

బాగున్న సెషన్‌లో ఉంటే ప్రశ్నలు ఇలా వేయండి: అది ఎప్పుడు చేశారు, ఎంత ఖర్చయింది, ఫలితం కనిపించడానికి ఎన్నాళ్లు పట్టింది, ఇప్పటికీ చేస్తున్నారా, లేకపోతే ఎందుకు ఆపేశారు. ఆ చివరిదాన్ని మాత్రం వదలొద్దు. రెండేళ్ల కిందట ప్రకటనల్లో అద్భుతంగా పనిచేసింది ఇప్పుడు పనిచేయకపోవచ్చు, చెప్పేవాళ్లు దాన్ని దాచాలని కాదు, అడిగితే తప్ప వాళ్లకే గుర్తురాదు.

సలహాని తూకం వేయడం కూడా అక్కడే నేర్చుకోవాలి. నెలనెలా చందా కట్టించుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే మనిషి ఒక కస్టమర్ కోసం చాలా ఖర్చు పెట్టగలడు, ఎందుకంటే ఆ కస్టమర్ రెండేళ్లు కడుతూనే ఉంటాడు. ఒకసారి కొని మళ్లీ కనిపించని వస్తువు అమ్మే మీరు అంత ఖర్చు పెడితే మునిగిపోతారు. ఈమెయిల్ జాబితా మీద నడిచే వ్యాపారం వేరు, మార్కెట్‌ప్లేస్ వెతుకుడులో పైన కనిపించడం మీద నడిచే వ్యాపారం వేరు. అందుకని ఎవరి సలహా రాసుకున్నా దాని పక్కనే మూడు విషయాలు రాయండి: వాళ్లు ఏం అమ్ముతారు, ఒక్కో ఆర్డర్ సుమారుగా ఎంత, అదే కస్టమర్ మళ్లీ కొంటాడా. నా మొదటి నోట్‌బుక్‌లో లేనివి ఇవే, అందుకే అది పనికిరాలేదు.

గదిలో విన్న అంకెలు గదిలోనే ఉండాలి. చాథమ్ హౌస్ నియమం అని 1927 నుంచి ఒకటి ఉంది, లండన్‌లో పుట్టింది. విన్న సంగతిని వాడుకోవచ్చు గానీ అన్నది ఎవరో, ఏ సంస్థ మనిషో బయటపెట్టకూడదు. మీ సెషన్ మొదట్లో "ఈ నియమం పాటిద్దామా?" అని అడిగి చూడండి, అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు విప్పుతారు. అలా ఒప్పుకున్నాక ఫోటోలు తీయడం, రికార్డు చేయడం, ఎవరి ఆదాయం ఎంతో సోషల్ మీడియాలో పెట్టడం కుదరదు. మిగతా సెషన్ల నోట్స్ కోసం మాత్రం ఆ కార్యక్రమం హ్యాష్‌ట్యాగ్‌తో వెతకండి, జనం చాలా పెడతారు. మొదటి బార్‌క్యాంప్ నిర్వాహకుల్లో ఒకరైన క్రిస్ మెసీనా 2007 ఆగస్టులో ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగులు వాడదామా అని మొదటిసారి అడిగినప్పుడు ఉదాహరణగా ఇచ్చిన మాట బార్‌క్యాంపే.

వరండాలో

సెషన్ల మధ్య ఖాళీని ఫోన్ చూసుకోవడానికి వాడకండి. కస్టమర్లు దేశమంతా ఉండొచ్చు గానీ పార్సిల్ తీసుకెళ్లే మనిషి మీ వీధికే వస్తాడు, అట్టపెట్టెలు మీ దగ్గర్లోనే కొనాలి, ఫోటోలు తీసే మనిషి గంటలో రాగలగాలి. ఏ కొరియర్ ఏ ఏరియాలో ఆలస్యం చేస్తోంది, చిన్న ఆర్డర్లకి కూడా పెట్టెలు ప్రింట్ చేసిచ్చేవాళ్లు ఎవరు, పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్లలో ఆన్‌లైన్ అమ్మకాలు అర్థమయ్యేవాళ్లు ఎవరు, ఇలాంటివి తెలిసేది దగ్గర్లో ఉన్నవాళ్లకే. ముగ్గురు నలుగురు కలిసి ఒకేసారి ప్యాకింగ్ సరుకు కొంటే రేటు తగ్గుతుంది, ఆ మాట మొదలయ్యేది వరండాలోనే.

మీరు అమ్మేదే అమ్మే మనిషి కూడా ఎదురవచ్చు. తప్పుకుని పోవద్దు. సరుకు ఎక్కడ కొంటారో మాట్లాడక్కర్లేదు, కొరియర్ కష్టాలు, పండగ ముందు రద్దీ, తప్పుడు రివ్యూలు మాట్లాడుకోవడానికి సరిపోతాయి.

విజిటింగ్ కార్డు ఎవరిదైనా తీసుకుంటే వెంటనే దాని వెనక ఒక్క ముక్క రాయండి, ఏం మాట్లాడుకున్నారో, మీరు వాళ్లకి ఏం పంపుతానన్నారో. ఏమీ పంపుతానని అనకపోతే అసలు తీసుకోకపోయినా ఫర్వాలేదు.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే, అలసటగా ఉన్నా సరే, ఒక అరగంట కూర్చోండి. నోట్స్ అంతా చక్కగా తిరగరాయక్కర్లేదు. అందులోంచి ఒక్కటే తీయండి, రెండు వారాల్లో చేయగలిగేది, ముందూ తర్వాతా అంకె చూడగలిగేది. ఐదు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మిగతావి వచ్చే నెలకి.

నేను వయసుల పట్టిక తీసేసి ఎత్తు ప్రకారం సెంటీమీటర్లలో పెట్టాను, పక్కన గౌనుని నేల మీద పరిచి కొలత టేపు ఆనించిన ఫోటో ఒకటి, "రెండు సైజుల మధ్య ఉంటే పెద్దది తీసుకోండి" అని ఒక లైను. అది మాత్రమే. "చిన్నదైంది" అని వెనక్కి రావడం కళ్లకి కనిపించేంతగా తగ్గింది.

తర్వాత చేయాల్సింది చాలామంది చేయనిది. మీకు ఆ సలహా ఇచ్చిన మనిషికి ఫలితం చెప్పండి, పనిచేసినా పనిచేయకపోయినా. "ఆ రోజు మీరు చెప్పింది చేశాను, ఇలా అయింది" అని మూడు లైన్లు. నేను ఆ బొటనవేలు కుర్రాడికి మెసేజ్ పెట్టాను. అతను వాళ్ల షాపులో డెలివరీ చార్జీ గురించి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నాకు జవాబు తెలియదు. ఈసారి కార్డు ఇద్దరం కలిసి రాస్తున్నాం.